పొలం పంచుకుంటున్నారా? బోరు, దారి, బోదె (చిన్న నీటి కాలువ) కూడా దస్తావేజులో రాయించండి

నమస్కారం అండి. మన గుంటూరు జిల్లాలో పొలం పంచుకునేటప్పుడు ఒక్క సెంటు దగ్గర కూడా లెక్క తప్పనివ్వరు. అదే బోరు దగ్గరికి వచ్చేసరికి ‘అందరం వాడుకుందాంలే’ అని నోటిమాటతో వదిలేస్తారు. ఆ మాట అన్నదమ్ముల మధ్య నిలుస్తుందేమో గానీ, రేపు వాళ్ల పిల్లల మధ్య నిలవదు. ప్రత్తిపాడు, మేడికొండూరు వైపు మెట్ట చేలల్లో బోరు లేకపోతే మిర్చి లేదు. అందుకే ఈ వీడియోలో ఎక్కువసేపు దాని గురించే చెబుతాను.

ముందు రికార్డు చూసుకోండి. ప్రభుత్వ భూమి రికార్డులుండే మీభూమి వెబ్‌సైటులో సర్వే నంబరు కొట్టి అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బి (యజమాని పేరుండే రికార్డు) తీయండి. నాన్నగారు పోయి ఏళ్లు గడిచినా ఖాతా ఆయన పేరు మీదే ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. అలా ఉంటే వారసులందరి పేర్లతో మ్యుటేషన్‌కు, అంటే రికార్డులో పేరు మార్పుకు, దరఖాస్తు పెట్టండి. అందరూ అంటే ఆడపిల్లలతో సహా. హిందూ వారసత్వ చట్టానికి 2005లో చేసిన సవరణతో ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. ఆ సవరణ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీం కోర్టు తేల్చి చెప్పింది. ‘పెళ్లప్పుడు ఇచ్చేశాం కదా’ అని అక్కను పక్కన పెట్టి చేసుకున్న పంపకం రేపు కోర్టులో నిలబడదు. అది న్యాయం కూడా కాదు.

ఇప్పుడు స్క్రీన్ మీద బొమ్మ చూడండి. 6 ఎకరాలు, ముగ్గురు వాటాదారులు. బోరు, రోడ్డు తూర్పు ముక్కలో ఉన్నాయి. పడమటి ముక్కకి నీళ్లు రావాలన్నా, ట్రాక్టరు వెళ్లాలన్నా మిగతా రెండు ముక్కలు దాటాల్సిందే. ఇలాంటి చోట, తూర్పు ముక్కను ‘ఎ షెడ్యూలు’ అనుకుంటే, పంపకాల దస్తావేజులో ఇలా రాయించండి: ‘ఎ షెడ్యూలు భూమిలోని బోరు, మోటారు, స్టార్టరు, కరెంటు సర్వీసు ముగ్గురికీ ఉమ్మడి. మరమ్మతు ఖర్చు విస్తీర్ణాన్ని బట్టి భరించాలి.’ సర్వీసు ఒకరి పేరు మీదే ఉంటుంది కాబట్టి దాని నంబరు కూడా వేయించండి. తడి వంతు ఎవరిది ఏ రోజో రాసుకోండి. కరెంటు పోయి వంతు తప్పితే ఆ గంటలు మర్నాడు కలుస్తాయా, పోయినట్టేనా అన్నది కూడా తేల్చుకోండి. నాకు తెలిసి ఎక్కువ గొడవలు వచ్చేది ఈ చిన్న విషయం దగ్గరే.

బోరు ఎండిపోతే? కొత్తది ఎవరి ముక్కలో వేయాలి, డబ్బు ఎవరు పెట్టాలి? ఒకరు పెట్టనంటే వాళ్లకి నీళ్లు ఉంటాయా, ఉండవా? పంట ఎండుతున్నప్పుడు ఈ మాట మొదలైతే ఎవరికీ ఓపిక ఉండదు. ఇవన్నీ దస్తావేజు రాసే రోజునే తేలిపోవాలి.

దారి సంగతికి వస్తే, వెడల్పు అడుగుల్లో వేయించండి. ట్రాక్టరు ట్రక్కుతో తిరగాలంటే 12 అడుగులైనా కావాలి. బోదె ఏ గట్టు వెంట పోతుందో స్కెచ్‌లో గీయించి, ఆ స్కెచ్ దస్తావేజుకి జత చేయండి. 1882 ఈజ్‌మెంట్ (పక్కవారి భూమి మీద దారి లాంటి వాడుక హక్కుల) చట్టం ప్రకారం, పంపకం వల్ల దారి లేకుండా పోయిన ముక్కకి అవసరమైన దారి హక్కు ఉంటుంది. కాగితంలో రాయకపోతే ఆ హక్కు కోసం కోర్టు మెట్లు ఎక్కాలి. అంతే తేడా.

ఖర్చుల సంగతి. మిర్చి యార్డు డబ్బులు చేతికొచ్చే రోజుల్లోనే ఎకరానికి ఇంత అని బోరు కోసం పక్కన పెట్టండి. మోటారు కాలిన రోజు వసూలు చేద్దామంటే కౌలు రైతు ‘నాకేం సంబంధం’ అంటాడు, ఊళ్లో లేని తమ్ముడు ఫోన్ ఎత్తడు. పెద్ద రిపేర్లు భూమి యజమానివి, రోజువారీవి కౌలుదారువి అని కౌలు కాగితంలోనే రాసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. బిల్లు ఫోటో అదే రోజు వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి.

వాటాదారుల్లో ఒకరు అమెరికాలో ఉంటే సంతకం కోసం అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ (వాళ్ల తరఫున ఇక్కడ సంతకం పెట్టే అధికార పత్రం) తెప్పించుకోవాలి. అది ఇండియాకి చేరాక 3 నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఆ పని అయ్యాకే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లే రోజు పెట్టుకోండి.