ఇంజిన్ లైటు వెలిగింది, సెన్సర్ మనమే మార్చుకోవచ్చా? (ఫోన్-ఇన్ రికార్డింగ్)

(రికార్డింగ్ విని టైప్ చేసింది. మొదట్లో పాట, ప్రకటనలు వదిలేశా. లైన్ సరిగ్గా వినపడని చోట చుక్కలు పెట్టా.)

యాంకర్: ...ఈ రోజు మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల శ్రోతల కోసం కారు ఇంజిన్ సెన్సర్ల గురించి. షెడ్డుకు పోకుండా మనమే మార్చుకోవచ్చా, మార్చుకుంటే ఏమన్నా మిగులుద్దా. మన మెకానిక్ అన్న వచ్చున్నారు. నమస్తే అన్నా.

మెకానిక్: నమస్తే అమ్మా. మార్చుకోవచ్చు, నేనేం వద్దనను. నా షెడ్డుకు రాకపోతే నాకు నష్టమే గానీ, వద్దనను. ఒక్క మాట మాత్రం ఈ గంటలో పదిసార్లు చెప్తా, విసుక్కోబాకండి. స్కానర్లో, అంటే బండి కంప్యూటర్‌కి తగిలించి తప్పు చూసే మిషన్లో, కోడ్ పడిందని, అంటే ఆ తప్పు నంబరు పడిందని, ఆ పేరున్న సెన్సర్ కొనేయబాకండి. ముందు వైరు చూడండి, వైరుని సెన్సర్‌కి తగిలించే ప్లగ్గు ఉంటది గదా, కప్లర్ అంటాం, అది చూడండి. సెన్సర్ పోయినా అదే కోడ్, వైరు ఎలక కొరికినా అదే కోడ్, కప్లర్లో నీళ్ళు పోయినా అదే కోడ్. వైరు చూసేదానికి డబ్బులు పోవు గదా.

యాంకర్: సరే అన్నా. ఫస్ట్ కాలర్. హలో, ఎక్కడి నుంచండీ?

కాలర్ (ఒంగోలు): హలో, ఒంగోలు నుంచండీ. స్కూల్ టీచర్ని. మాది పెట్రోల్ కారు, తొమ్మిదేళ్ళయింది. పొద్దున్నే స్టార్ట్ చెయ్యంగానే ముందర ఫ్యాను గిర్రున తిరగడం మొదలుపెడుతుంది, ఏసీ వెయ్యకపోయినా. టెంపరేచర్ ముల్లేమో కింద నుంచి లేవదు. మా తమ్ముడు బ్లూటూత్ స్కానర్ పెట్టి చూస్తే పీ 0118 అని వచ్చింది.

మెకానిక్: ఆఁ. కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ సర్క్యూట్. 0118 అంటే ఓల్టేజీ ఎక్కువ కనిపిస్తా ఉందని, మామూలుగా యాడో తెగిపోయుంటే అట్టా వస్తది. ఇంజిన్ ఎంత వేడిగుందో కంప్యూటర్‌కి తెలీదు, ఎందుకైనా మంచిదని ఫ్యాను వేసేసి కూర్చుంటది. ఇది మీరే చూసుకోవచ్చమ్మా. కప్లర్ పీకండి, లోపల పచ్చగా చిలుం పట్టిందేమో చూడండి. ఇంట్లో మల్టీమీటర్ ఉందా?

కాలర్ (ఒంగోలు): ఉందండీ, స్కూల్ ల్యాబ్‌ది.

మెకానిక్: ఇంకేం. చల్లగున్నప్పుడు సెన్సర్ రెండు పిన్నుల మధ్య ఓమ్స్, అంటే రెసిస్టెన్స్, చూడండి. చాలా బళ్ళలో రెండు వేలకు అటూ ఇటూ చూపిస్తది, వేడెక్కేకొద్దీ తగ్గతా పోవాల, 80 డిగ్రీల కాడికి వచ్చేసరికి మూడొందల దగ్గరుంటది. ఏమీ చూపించకుండా ఉంటే సెన్సర్ పోయినట్టే. లెక్క బాగుందనుకోండి, వైరు సంగతి చూడాల.

కాలర్ (ఒంగోలు): సెన్సర్ ఊడదీస్తే కూలెంట్ అంతా కారిపోదా?

మెకానిక్: కొంచెం కారద్ది. కొత్తది చేతిలో పెట్టుకోని పాతది తియ్యాల, తీసిన వెంటనే ఇది దూర్చాల. రాత్రి ఆపిన బండి, పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు చెయ్యండి. వేడి మీద రేడియేటర్ మూత జోలికి పోబాకండి తల్లీ, మా షెడ్డులో ఒక పిలకాయకి మోచెయ్యి నుంచి ఇక్కడ దాకా తోలు ఊడొచ్చింది. బిగించేటప్పుడు బలం చూపించబాకండి, చాలా వాటికి కింద ప్లాస్టిక్కే, పగులుద్ది. తగ్గిన కూలెంట్‌కి బోరు నీళ్ళు పోయబాకండి. మన బోరు నీళ్ళు కాచిన గిన్నెకి అడుగున తెల్లగా పొర కడతది చూడండి, అదే లోపలా కడతది.

కాలర్ (ఒంగోలు): మావారు నేను చేస్తా నేను చేస్తా అంటున్నారండీ.

మెకానిక్: (నవ్వు) మీరే చెయ్యండమ్మా.

యాంకర్: థాంక్యూ అండీ. నెక్స్ట్ కాలర్, హలో.

కాలర్ (కావలి): హలో... హలో అన్నా, వినపడతందా?

యాంకర్: వినపడతంది, రేడియో సౌండు తగ్గించండి.

కాలర్ (కావలి): తగ్గించినా మేడమ్. అన్నా, మాది కావలి, కావలంటే టౌన్లో కాదు, ముసునూరు కాడ. 2013 మోడల్ పెట్రోల్ బండి. మొన్న మా బామ్మర్ది పెళ్ళిచూపులకి ఒంగోలు పోతా ఉంటే, సింగరాయకొండ దాటినాక టంగుటూరు టోల్‌గేట్ కాడ క్యూలో ఉండంగా టక్కున ఆగిపోయిందన్నా, ఎనకాల లారీలోళ్ళు హారన్లు, లోపల మా అత్త మల్లెపూలు వాడిపోతన్నాయని ఒకటే గోల, సెల్ఫ్ కొడితే తిరగతాంది గానీ అంటుకోదు, నలుగురు కలిసి పక్కకి నెట్టినారు, అరగంట తర్వాత కొడితే ఏమీ జరగనట్టు స్టార్టయిందన్నా, మేం పొయ్యేసరికి వాళ్ళు భోజనాలు గూడా...

మెకానిక్: పెళ్ళిచూపులు సరే, కోడ్ ఏంది?

కాలర్ (కావలి): పీ 0335 అన్నా. క్రాంక్ సెన్సర్ అన్నారు, ఇంజిన్ తిరగతందని కంప్యూటర్‌కి చెప్పేదంట. మా ఊళ్ళో షెడ్డులో అడిగితే ఒరిజినల్ ఏసి లేబర్‌తో 3500 అన్నాడు. అంతెందుకులే అని ఆన్‌లైన్‌లో 480కి తెప్పించి, ఫోన్లో వీడియో చూసి నేనే ఏసుకున్నా. ఎనిమిది రోజులు బో బాగా తిరిగింది. తొమ్మిదో రోజు మళ్ళీ అదే వరస. ఇప్పుడు ఒరిజినల్ కొనమంటారా అన్నా?

మెకానిక్: ఆగు. వేడెక్కితే ఆగి, చల్లారితే స్టార్టవడం ఎక్కువగా క్రాంక్ సెన్సర్ జబ్బే. ఇప్పుడు ఆగేది కూడా వేడి మీదేనా?

కాలర్ (కావలి): వేడి మీదా ఆగతాంది, పొద్దున్నే పాలకి పొయ్యేటప్పుడు గూడా ఆగిందన్నా. మొన్న గుంతలో దిగంగానే ఆగింది.

మెకానిక్: గుంతలో దిగితే ఆగిందా. అదీ చెప్పాల ముందు. సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కొంచెమన్నా కదలతందా?

కాలర్ (కావలి): నేను చూళ్ళేదన్నా.

మెకానిక్: చూడాల. చాలా బళ్ళలో సెల్ఫ్ తిరిగేటప్పుడు ముల్లు కొంచెం లేస్తది. అసలు కదలకపోతే క్రాంక్ సెన్సర్ నుంచి కబురు రాలేదనుకో, అది సెన్సరన్నా అయుండొచ్చు వైరన్నా అయుండొచ్చు. గుంతలో ఆగతాందంటే నాకు వైరు మీదే అనుమానం. ఎట్టా మార్చినావు సెన్సర్?

కాలర్ (కావలి): జాకీ ఏసి కింద దూరి...

మెకానిక్: జాకీ ఒక్కటేనా?

కాలర్ (కావలి): ఆఁ, బండితో వచ్చిన జాకీనే అన్నా.

మెకానిక్: ఏందబ్బా నువ్వు! అది టైరు మార్చుకునేదానికి ఇచ్చింది, కింద పడుకునేదానికి కాదు. ఆ జాకీ ఒకపక్కకి ఒరిగితే నీమీద పడేది ఇంజిన్. స్టాండ్లు లేకపోతే ఆ పని షెడ్డులో చేయించుకో. వినే వాళ్ళందరికీ చెప్తన్నా, ఒక్క జాకీని నమ్ముకోని బండి కింద దూరబాకండి. 480తో పోద్దని దూరినావు, నీ పెళ్ళాం బిడ్డలు... సరే, ఆ మాట వొద్దులే. ఇప్పుడు బండి యాడుంది?

కాలర్ (కావలి): ఈడే వాకిట్లో ఉండాది. పొద్దున్నుంచి తియ్యలేదు.

మెకానిక్: బానెట్ ఎత్తి, పైనుంచే, క్రాంక్ సెన్సర్ కప్లర్ నుంచి వైరు ఏ దారిన పోతందో టార్చి ఏసి చూసిరా.

కాలర్ (కావలి): ఈ ఫోన్లోనే మాట్లాడతన్నా గదన్నా, మా పాప ఫోన్ తెస్తా...

యాంకర్: మీరు చూసి రండి, లైన్లో పెడతాం. ఈలోగా ఇంకో కాలర్. హలో?

కాలర్ (చీమకుర్తి): చీమకుర్తి నుంచన్నా. డీజిల్ బండి. రైల్ ప్రెజర్ సెన్సర్ కాడ చెమ్మ కనపడతా ఉంది, పానా పట్టి కొంచెం టైటు చేద్దామా?

మెకానిక్: చెయ్యబాక. అటు పోబాక. నువ్వు టైరులో గాలి 32 కొట్టిస్తావు గదా, అది ఒత్తిడి లెక్కలో రెండు బార్ చిల్లర. ఆ రైలు, అంటే ఇంజెక్టర్లకి డీజిల్ పంపే గొట్టం, దాంట్లో బండి నడిచేటప్పుడు వెయ్యి బార్ దాటి ఉంటది, కొన్ని బళ్ళలో 1600, ఆ పైన కూడా. వెంట్రుకంత సందులోనించి డీజిల్ చిమ్మితే చర్మంలోకి దూరిపోద్ది, సూది గుచ్చినట్టే ఉంటది, చెయ్యి తీసేసిన వాళ్ళున్నారు.

కాలర్ (చీమకుర్తి): ఇంజిన్ ఆపేసే అన్నా, కొంచెం...

మెకానిక్: షెడ్డుకు పో నాయనా.

యాంకర్: లైన్ కట్టయినట్టుంది. ముత్తుకూరు నుంచి కాలర్, హలో.

కాలర్ (ముత్తుకూరు): సార్, సైలెన్సర్ మీద ఆక్సిజన్ సెన్సర్ రాడంలేదు సార్. పీ 0135 పడింది. 22 పానా ఏసి ఇద్దరం లాగినాం, పానా జారిపోతంది గానీ అది కదల్లా.

మెకానిక్: సముద్రం గాలికి ఇనుము అట్టా కరుచుకుపోద్ది. 0135 అంటే సెన్సర్ లోపలి హీటర్ సర్క్యూట్, దానికి ఫ్యూజు గూడా ఉంటది, చూశావా?

కాలర్ (ముత్తుకూరు): ఫ్యూజు... చూడలేదు సార్.

మెకానిక్: ముందు పది రూపాయల ఫ్యూజు చూడు. బాగుంటే వైరు చూడు. అప్పటికీ సెన్సరే అని తేలితే, తుప్పు వదిలే నూనె కొట్టి రాత్రంతా వదిలెయ్, పొద్దున బండి రెండు నిమిషాలు ఆన్ చేసి ఆపు, కాస్త గోరువెచ్చగా ఉండంగా తియ్యి. మామూలు పానా కాదు, వైరు దూరేదానికి పక్కన చీలిక ఉండే సాకెట్టు ఉంటది, అది తెచ్చుకో. కొత్తదాని మరలకి పూత పూసే వస్తది చాలా వాటికి, నువ్వేం పుయ్యబాక, మూతికి అసలు ఏదీ తగలనీబాక.

యాంకర్: థాంక్యూ. గూడూరు నుంచి, హలో.

కాలర్ (గూడూరు): అన్నా, బండి అమ్మతన్నాం, ఆ ఇంజిన్ లైటు బల్బు పీకేస్తే...

మెకానిక్: కొనేవాడు నా కాడికే వస్తాడు చెకింగ్‌కి. తర్వాత.

యాంకర్: (నవ్వు) కావలి నుంచి మన కాలర్ మళ్ళీ లైన్లోకొచ్చారు. చూశారా అండీ?

కాలర్ (కావలి): చూసినా మేడమ్. అన్నా... అన్నా, వైరు కొంచెం నల్లగుండాది.

మెకానిక్: ఎంత నల్లగా?

కాలర్ (కావలి): పైన తొడుగు కరిగిపోయి జిగటగా ఉందన్నా. లోపల రాగి మెరస్తా ఉండాది. సైలెన్సర్ గొట్టానికి ఆనుకోని ఉంది.

మెకానిక్: అది అట్టా ఎందుకు ఆనుకుంటది? వైరుని గొట్టానికి దూరంగా పట్టుకునేదానికి కంపెనీ వాడే క్లిప్పు పెడతాడే.

కాలర్ (కావలి): ... ఆ క్లిప్పు విరిగిందన్నా.

మెకానిక్: ఎప్పుడు విరిగింది?

కాలర్ (కావలి): సెన్సర్ మార్చేటప్పుడు. కప్లర్ రాకపోతే వైరు పట్టుకోని లాగినా. మా పాప రిబ్బన్ ఉంటే దాంతో కట్టినా అన్నా. ఇప్పుడు రిబ్బన్ లేదాడ.

యాంకర్: (నవ్వు)

మెకానిక్: నవ్వబాకమ్మా, రిబ్బన్ కాలిపోయింది, ఆ పక్కనే పెట్రోల్ పైపు పోతా ఉంటది. అబ్బయ్యా, కప్లర్‌ని వైరు పట్టుకోని లాగకూడదు, మీద నొక్కుడు ఉంటది, అది నొక్కి కప్లర్‌నే పట్టుకోని లాగాల. సరే, అయిందేదో అయింది.

కాలర్ (కావలి): అయితే ఒరిజినల్ సెన్సర్ కొనమంటారా అన్నా?

మెకానిక్: నేను అరగంట నుంచి ఏం చెప్తన్నా! రాగి మెరస్తా ఉండే వైరు పెట్టుకోని సెన్సర్ కొంటానంటావేంది? నువ్వు పాత సెన్సర్ పారేసినావా?

కాలర్ (కావలి): లేదన్నా, డిక్కీలో ఉండాది.

మెకానిక్: మంచి పని. పిన్నులెన్ని?

కాలర్ (కావలి): రెండు... రెండే అన్నా.

మెకానిక్: రెండు పిన్నులదైతే మీటర్ పెట్టి చూడొచ్చు. కొన్ని వందల ఓమ్స్ నుంచి వెయ్యి, వెయ్యి పైచిలుకు దాకా ఉంటది బండిని బట్టి. చల్లగున్నప్పుడు చూసి, మీ ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషన్ ఉంటే దాంతో వేడి చేసి మళ్ళీ చూడు. వేడికి లెక్క అసలు లేకుండా పోయిందంటే అది పోయినట్టే, పారెయ్. కొంచెం పెరిగితే భయం లేదు. మూడు పిన్నులుండే వాళ్ళు ఇట్టా ఓమ్స్ చూడబాకండి, అది వేరే రకం, దానికి కప్లర్ పీకి తాళం ఆన్ చేసి వైరులో 5 గానీ 12 గానీ ఓల్టులు వస్తన్నాయా లేదా చూడాల.

కాలర్ (కావలి): వైరు నేనే అతికించుకోవచ్చా, టేపేసి?

మెకానిక్: మెలేసి టేపు చుట్టడం కాదు, ఆ వేడికి టేపు జిగురు కారి మళ్ళీ ఇదే కథ. కాలిన ముక్క కోసేసి, అంతే మందం వైరు కలిపి టంకం పెట్టాల, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడగాల. ఆ రెండు వైర్లు ఒకదానికొకటి మెలేసుంటాయి, కొన్నిటికి పైన అల్లిక గూడా ఉంటది, సిగ్నల్‌కి అడ్డం రాకుండా. దాన్ని అట్నే ఉంచాల. నీకు టంకం అలవాటు లేకపోతే ఆటో ఎలక్ట్రీషియన్ కాడికి తీసకపో. క్లిప్పు కొత్తది ఏయించు. బండి అట్టా నడపబాక, ఇంజిన్ వేడి మీదున్నప్పుడు పని చెయ్యబాక, చల్లారినాక చెయ్యి.

యాంకర్: ఒక్కటడగనా, ఇప్పటిదాకా మీకెంత ఖర్చయిందండీ?

కాలర్ (కావలి): సెన్సర్ 480, స్కానర్ 900, మొన్న పాల కాడ ఆగితే ట్రాలీ వాడికి 2200 మేడమ్.

యాంకర్: 3580.

కాలర్ (కావలి): షెడ్డోడు 3500 అన్నాడు గదా...

మెకానిక్: 80 రూపాయలు పోతే పోయిందిలే, స్కానర్ మిగిలింది గదా నీకు. ఈసారి కోడ్ పడితే ఏం చెయ్యాల?

కాలర్ (కావలి): వైరు చూడాల అన్నా.

యాంకర్: థాంక్యూ అండీ, టైమ్ కూడా అయిపోయింది, మళ్ళీ వచ్చే వారం...

కాలర్ (కావలి): అన్నా అన్నా ఒక్క మాట, పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ వైరు పీకాలంటారే, ఎర్రది ముందా నల్లది...

మెకానిక్: నల్లది! నల్లది ముందు, 10 నంబర్ పానా. బిగించేటప్పుడు నల్లది ఆఖర్న. అమ్మా లైన్ కట్ చెయ్యబాక, వాడు ఎర్రది పీకేస్తాడు...

(ఇక్కడ ప్రకటన మొదలయింది.)