షిర్లీ అనే ఊరు

శ్రోతలకు నమస్కారం. షిర్లీ అనగానే మీకెవరు గుర్తొస్తారు? స్కూల్లో పాఠం చెప్పిన టీచరమ్మో, ఆస్పత్రిలో సూది వేసిన నర్సమ్మో, ఎవరో ఒక ఆడమనిషే. నిజానికి అది మొదట మనిషి పేరే కాదు, ఊరి పేరు.

పాత ఇంగ్లీషులో 'షీర్' అంటే వెలుతురుగా, తేటగా ఉన్నది. 'లీ' అంటే అడవి, లేదా అడవి కొట్టి తీసిన ఖాళీ జాగా. గుబురు చెట్ల కింద నడుస్తూ నడుస్తూ, ఒక్కసారిగా ఎండ మొహాన పడితే కళ్లు చిట్లిస్తామే, అలాంటి చోటన్నమాట. డెర్బీషైర్‌లో ఒక షిర్లీ ఉంది, సౌతాంప్టన్‌లో ఇంకొకటి ఉంది. మనకు పల్లి, పాడు ఎలాగో వాళ్లకు ఈ 'లీ' అలాగ. స్టాన్లీలో ఉన్నది రాయి, యాష్లీలో ఉన్నది యాష్ చెట్టు.

కందుకూరు నుంచి కందుకూరి వారు వచ్చినట్టే, ఆ ఊళ్ల నుంచి షిర్లీలు వచ్చారు. కాకపోతే మనం పిల్లాణ్ని 'ఒరే కందుకూరీ' అని ఉయ్యాల్లో వేయం. ఇంగ్లండులో ఇంటిపేరునే మగపిల్లలకు పెట్టుకోవడం ఉంది. అలా షిర్లీ మగపేరైంది.

1849లో షార్లెట్ బ్రాంటీ 'షిర్లీ' అనే నవల రాసింది. అందులో తల్లిదండ్రులు కొడుకు కోసం ఎదురుచూస్తే కూతురు పుట్టింది. కొడుక్కని దాచుకున్న పేరే ఆ పిల్లకి పెట్టేశారు. అప్పటి పాఠకులకు అందులో ఒక చిలిపితనం కనిపించి ఉంటుంది. ఇప్పుడు చదివేవాళ్లకు చెబితే తప్ప తెలియదు.

ఇక 1928లో అమెరికాలో షిర్లీ టెంపుల్ పుట్టింది. ఉంగరాల జుట్టు, బుగ్గన సొట్టలు, సినిమాల్లో బాలనటిగా వేసి ఆరేళ్లకే ప్రత్యేక ఆస్కార్! 1935లో అక్కడ ఆడపిల్లలకు పెట్టిన పేర్లలో షిర్లీది రెండో స్థానం.

పాపం, సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో అయిదేళ్ల మగపిల్లాడొకడు ఉన్నాడు. పేరు షిర్లీ క్రాబ్‌ట్రీ. వాళ్ల నాన్న పేరూ షిర్లీయే. ఆయన కాలానికి ఇబ్బంది లేకపోయిందేమో గానీ, వీడు బడికెళ్లే ఈడుకి షిర్లీ అంటే లోకానికి గౌను వేసుకున్న పాప. ఈ పిల్లాడే పెద్దయ్యాక 64 అంగుళాల ఛాతీతో కుస్తీ బరిలోకి దిగాడు. శనివారం మధ్యాహ్నాలు టీవీలో అతని పట్లు చూసి జనం 'ఈజీ, ఈజీ' అని అరిచేవారు.

వాళ్లు ఎరిగిన పేరు మాత్రం బిగ్ డాడీ.