ముందు ఇల్లు, తరువాతే మిగతావి: హ్యూస్టన్ అనుభవంపై చర్చ

నిర్వాహకురాలు: నమస్కారం. అమెరికాలో మన తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడిన హ్యూస్టన్ నగరంలో, 2011తో పోలిస్తే 2022 నాటికి నిరాశ్రయుల సంఖ్య 60 శాతానికి పైగా తగ్గింది. మేడమ్, మీరు అక్కడ కేస్‌వర్కర్‌గా, అంటే నిరాశ్రయులకు ఇల్లు వెతికి తోడుండే కార్యకర్తగా పనిచేస్తున్నారు. అంతకుముందు ఆ నగరానికి కొరవడింది ఏమిటి, డబ్బేనా?

సామాజిక కార్యకర్త: డబ్బు ఎప్పుడూ చాలదు గానీ, అసలు లోటు అది కాదు. అన్నం పెట్టే చర్చిలు, షెల్టర్లు, ఆసుపత్రులు, మాజీ సైనికుల కార్యాలయాలు అన్నీ ఉండేవి, కానీ ఎవరి జాబితా వారిదే. నిలువ నీడ లేని మనిషి నాలుగుచోట్ల తన గోడు నాలుగుసార్లు వెళ్లబోసుకుని, ఎక్కడా ఇల్లు దొరకక మళ్లీ వంతెన కిందికే చేరేవాడు. 2012లో మొదలైన ‘ద వే హోమ్’ అనే ఉమ్మడి ఏర్పాటు వందకు పైగా సంస్థలను ఒకే సమాచార వ్యవస్థలోకి తెచ్చింది. ఇప్పుడు ఏ తలుపు తట్టినా అడిగే ప్రశ్నలు ఒక్కటే, చేరే జాబితా ఒక్కటే. ఆ జాబితాలో ముందు వచ్చినవారికి కాక, వీధిలో ఉంటే ప్రాణానికే ముప్పున్నవారికి ముందు చోటు దక్కుతుంది. తమ సొంత పద్ధతిని వదులుకోవడానికి సంస్థలు అంత తేలికగా ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఇళ్లు కట్టడం కంటే కష్టమైన పని అదే.

అధ్యాపకుడు: 2011లో అమెరికా కేంద్ర గృహనిర్మాణ శాఖ హ్యూస్టన్‌ను ప్రత్యేక శ్రద్ధ పెట్టవలసిన ప్రాంతాల్లో ఒకటిగా గుర్తించడం, నాటి మేయర్ ఆనిస్ పార్కర్ ఆ బాధ్యతను స్వయంగా తలకెత్తుకోవడం ఇందుకు తోడయ్యాయి. మాజీ సైనికులకు ఇళ్లు చూపించడంలో ఈ ఏర్పాటు పనిచేస్తుందని తేలాక, మిగిలినవారికీ విస్తరించే ధైర్యం వచ్చింది.

నిర్వాహకురాలు: ఈ పద్ధతిలో షరతులేవీ లేకుండా ముందు ఇల్లే ఇస్తున్నారు. తాగుడు మానకుండా, చికిత్సకు ఒప్పుకోకుండా ఇల్లు ఎలా ఇస్తారని పన్ను కట్టేవారు అడుగుతారు కదా?

అధ్యాపకుడు: న్యాయమైన ప్రశ్నే. షరతులు పెట్టిన పాత పద్ధతిలో, మానినవాడికే ఇల్లు అనేవారు. వీధిలో పడుకుని మందులు వేళకు వేసుకోవడం, మత్తు మానడం ఎవరి తరమో మనమే ఆలోచించాలి. 1992లో న్యూయార్క్‌లో మనస్తత్వవేత్త సామ్ సెంబెరిస్ ఆ వరుసను తిరగేసి, ముందు ఇల్లు ఇచ్చి, ఆ తరువాత నర్సు, మానసిక వైద్యుడు, ఉద్యోగ సలహాదారు ఇంటికే వచ్చే ఏర్పాటు చేశారు. కెనడాలో అయిదు నగరాల్లో 2,000 మందికి పైగా పాల్గొన్న పరిశీలనలో ఈ పద్ధతి ఇళ్లలో నిలిచినవారి సంఖ్యను బాగా పెంచింది. అయితే మత్తు అలవాట్ల విషయంలో అంత తేడా రాలేదు. ఈ మాట దాచకూడదు. ఇల్లు అన్ని జబ్బులకూ మందు కాదు, కానీ అది లేకుండా ఏ మందూ నిలకడగా పనిచేయదని నేను నమ్ముతాను.

నిర్వాహకురాలు: మన దేశంలో పరిస్థితి ఏమిటి?

అధ్యాపకుడు: నగరాల్లో లక్ష జనాభాకు ఒక ఆశ్రయం ఉండాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. ఆశ్రయం అత్యవసరమే, కానీ అది రాత్రిని గడిపిస్తుంది, జీవితాన్ని నిలబెట్టదు. చెన్నైలో 1993లో మొదలైన ‘ద బన్యన్’ సంస్థ, మానసిక అనారోగ్యంతో వీధుల పాలైన స్త్రీలను నలుగురైదుగురు చొప్పున మామూలు వీధుల్లోని అద్దె ఇళ్లలో ఉంచి, తోడుగా సహాయకులను నియమిస్తోంది. వారు వంట చేసుకుంటారు, బజారుకు వెళ్తారు, పక్కింటివారితో మాట్లాడతారు. హైదరాబాదు, విజయవాడ, విశాఖ నేర్చుకోవలసింది ఇక్కడినుంచే.

నిర్వాహకురాలు: మేడమ్, హ్యూస్టన్‌లో అపార్ట్‌మెంట్లున్న మనవాళ్లు ఈ కార్యక్రమం చూస్తుంటే, వారిని ఏమి అడుగుతారు?

సామాజిక కార్యకర్త: ఖాళీగా ఉన్న ఒక్క యూనిట్ ఇమ్మని అడుగుతాను. అద్దెదారు తన ఆదాయంలో సుమారు 30 శాతం కడితే, మిగతాది పథకమే చెల్లిస్తుంది. అద్దె రాదన్న భయం కంటే, గొడవ జరిగితే ఎవరిని పిలవాలన్న భయమే యజమానుల్లో ఎక్కువగా చూశాను. పొరుగువారి ఫిర్యాదు వచ్చినప్పుడు ఖాళీ చేయించే నోటీసు అతికించే ముందు మాకు ఒక్క ఫోన్ చేయండి. మేమే వచ్చి ఇద్దరితోనూ కూర్చుని మాట్లాడతాం. ఆ ఇంట్లో కుదరకపోతే వేరే ఇల్లు వెతికే బాధ్యత మాదే, ఆ మనిషిని మాత్రం వీధికి పంపము.