పులిని సృష్టించిన సినిమా, ఏనుగు కోసం ఆగిన డాక్యుమెంటరీ

[తెర నల్లగా ఉంటుంది. అడవి చప్పుడు మాత్రమే వినిపిస్తుంది.]

2023 మార్చి 13, సోమవారం ఉదయం. ఆస్కార్ వేడుక కోసం టీవీల ముందు కూర్చున్న తెలుగువాళ్లందరూ ఎదురుచూసింది ఒకే ఒక్క ప్రకటన కోసం. 'నాటు నాటు' పాటకు పురస్కారం వచ్చి, కీరవాణి, చంద్రబోస్ వేదిక ఎక్కిన ఆ కొద్ది నిమిషాలను పదే పదే చూసి మురిసిపోయినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ ప్రకటనకు కొంతసేపటి ముందే, అదే వేదిక మీద, కార్తికి గోన్‌సాల్వెస్ దర్శకత్వం వహించిన 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' ఉత్తమ లఘు డాక్యుమెంటరీగా ఎంపికైంది. ఆ పేరు నా చెవిన పడింది గానీ మనసులో నిలవలేదు. కొన్ని వారాల తరువాత ఆ చిత్రాన్ని చూసినప్పటి నుంచి మాత్రం 'ఆర్ఆర్ఆర్'ను దాని పక్కన పెట్టకుండా ఆలోచించలేకపోతున్నాను. ఒకటి మూడు గంటలు దాటిన భారీ చిత్రం, మరొకటి సుమారు 40 నిమిషాలది. అయినా రెండింటిలోనూ అడవి ఉంది, అడవిని నమ్ముకుని బతికే మనుషులు ఉన్నారు, ఒక్కొక్క పులి కూడా ఉంది.

[పులి పంజా గుర్తు. దాని మీదుగా తాడు నీడ.]

ముందుగా 'ఆర్ఆర్ఆర్'లోని పులి సంగతి చూద్దాం. భీమ్ పాత్రలో ఎన్టీఆర్ తొలిసారి కనిపించే సన్నివేశం పులిని పట్టుకునే సన్నివేశమే. నిజానికి అక్కడ పులి లేదు. వి. శ్రీనివాస్ మోహన్ పర్యవేక్షణలో కంప్యూటర్ మీద రూపొందిన పులి అది. అయినా మనం నమ్ముతాం. తాళ్లు బిగిసినప్పుడు నటుడి భుజాల మీద పడే బరువు, ఒంట్లోని వణుకు, ముఖంలో ముఖం పెట్టి గర్జించేటప్పటి తెగింపు కలిసి ఆ జంతువుకు ప్రాణం పోశాయి. నాకు ఆ పోరు కంటే విలువైనదిగా తోచింది దాని తరువాతి క్షణం: స్పృహ తప్పిన పులిని భీమ్, తన అవసరానికి వాడుకుంటున్నందుకు క్షమించమని వేడుకుంటాడు. అడవిలో పుట్టినవాడికీ, అడవికి వేటకు వచ్చినవాడికీ ఉన్న తేడా అంతా ఆ ఒక్క వేడుకోలులో ఉంది.

పైగా ఆ సన్నివేశం కథానాయకుడి పరిచయంతో ముగిసిపోదు. పులిని ఎందుకు పట్టుకున్నాడో చాలాసేపటి వరకు మనకు తెలియనివ్వరు. విశ్రాంతికి ముందు గవర్నర్ భవనంలోకి దూసుకొచ్చిన బండిలోంచి మృగాలన్నీ ఒక్కసారిగా దూకినప్పుడు గానీ ఆ వేట వెనుక ఉన్న పథకం మనకు అర్థం కాదు. విత్తనం వేసి, ప్రేక్షకుడు దాన్ని మరిచిపోయేంత కాలం ఆగి, అప్పుడు పంట కోసే ఈ ఓపిక రాజమౌళి కథనంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన గుణం.

ఇక నాకున్న అభ్యంతరం చెప్పాలి. ఇది కల్పిత కథ అని చిత్రబృందం మొదటి నుంచీ చెబుతూనే ఉంది. 1924లో ప్రాణాలర్పించిన అల్లూరి సీతారామరాజునూ, 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన కొమురం భీమ్‌నూ స్నేహితులుగా ఊహించే స్వేచ్ఛ సినిమాకు ఉంది. కానీ చరిత్రలోని భీమ్ పోరాడింది గోండుల పోడు భూముల కోసం, పశువుల మేత కోసం, నిజాం అటవీ సిబ్బంది దౌర్జన్యం నుంచి విముక్తి కోసం. సినిమాలోని భీమ్ ఒక చిన్నారిని వెనక్కి తెచ్చుకోవడానికి ఢిల్లీ వెళతాడు. ఆ కారణం హృదయాన్ని తాకుతుంది, అందులో సందేహం లేదు. అయితే పులికి అంత చోటు దొరికిన కథలో ఆ భూమికి చోటు దొరకకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

[నీలగిరి కొండలు. మంచు. నడిచి వస్తున్న ఏనుగు పిల్ల.]

రెండో పులి తెర మీద కనిపించదు. తమిళనాడులోని ముదుమలై పులుల అభయారణ్యంలో, తెప్పకాడు ఏనుగుల శిబిరంలో తల్లిలేని ఏనుగు పిల్లలను సాకిన బొమ్మన్, బెల్లి అనే కాట్టునాయకన్ తెగ దంపతుల కథ ఈ డాక్యుమెంటరీ. బెల్లి మొదటి భర్తను పులి చంపింది. ఆమె ఆ సంగతిని రెండు మూడు మాటల్లో చెప్పి ఊరుకుంటుంది. సంఘటనను తిరిగి నటింపజేయలేదు, గర్జన వినిపించలేదు. కంప్యూటర్ పులిని చూసి పిడికిళ్లు బిగించిన నేను, కనిపించని ఈ పులికి నిజంగా భయపడ్డాను.

ఆ నిగ్రహం ఊరికే రాలేదు. దర్శకురాలు రఘు అనే ఏనుగు పిల్లను మొదటిసారి చూసింది 2017లో. దాని తల్లి విద్యుదాఘాతంతో చనిపోయింది. సుమారు ఐదేళ్లు ఆ కుటుంబంతో పరిచయం కొనసాగించబట్టే, రఘు మన కళ్ల ముందే పెరుగుతుంది. అమ్ము అనే మరో పిల్ల వచ్చి చేరుతుంది. పెద్దదైన రఘును వేరే సంరక్షకులకు అప్పగించిన తరువాత ఆ దంపతులు పడే వేదన మన ఇళ్లలో పిల్లను అత్తవారింటికి పంపిన రోజును గుర్తుచేస్తుంది. ఎంత ఖర్చు పెట్టినా నెల రోజుల చిత్రీకరణలో అలాంటి దృశ్యం దొరకదు.

అలాగని ఈ చిత్రంలో లోపమే లేదని నేను అనను. వెలుగు మరీ అందంగా ఉంది, మనం ఏమనుకోవాలో సంగీతం కొన్నిచోట్ల ముందే చెప్పేస్తుంది. ఏనుగులు అడవి దాటి ఊళ్ల మీదికి ఎందుకు వస్తున్నాయన్న ప్రశ్న దగ్గర ఇంకాస్త ఆగవలసింది. పురస్కారం వచ్చిన కొన్ని నెలలకు డబ్బు విషయంలో బొమ్మన్, బెల్లి ఆరోపణలు చేయడం, చిత్ర నిర్మాతలు వాటిని ఖండించడం పత్రికల్లో వచ్చింది. ఎవరి మాట సరైనదో తేల్చే అధికారం నాకు లేదు. కానీ నటుడు పాత్రను విడిచి ఇంటికి వెళ్లిపోగలడు, డాక్యుమెంటరీలోని మనిషి తన జీవితాన్ని విడిచి ఎక్కడికీ వెళ్లలేడన్న సంగతి ఆ వార్త చదివాకే నాకు పూర్తిగా అర్థమైంది.

[కీవ్ నగరంలోని నీలి రంగు రాజభవనం.]

కల్పిత చిత్రం కూడా ఒక్కోసారి తనకు తెలియకుండానే సాక్ష్యంగా మారుతుంది. 'నాటు నాటు' పాటను 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మారీన్‌స్కీ రాజభవనం ముందు చిత్రీకరించారు. 2022 ఫిబ్రవరిలో ఆ దేశం మీద రష్యా పూర్తిస్థాయి దాడి మొదలైంది, మార్చిలో సినిమా విడుదలైంది. ఇప్పుడు ఆ పాట చూస్తే నా చూపు అడుగుల మీద కంటే ఆ భవనం మీద, ఆ నిర్మలమైన ఆకాశం మీద ఎక్కువసేపు నిలుస్తుంది.

[పలమనేరు దగ్గరి పొలాలు. తొక్కిన పంట.]

ఏనుగు పిల్ల రఘు కథ మనకు దూరపు కథ కాదు. చిత్తూరు జిల్లాలో కుప్పం, పలమనేరు ప్రాంతాల రైతులు కౌండిన్య అభయారణ్యం నుంచి వచ్చే ఏనుగుల వల్ల ఏళ్ల తరబడి పంటలు నష్టపోతున్నారు, పొలాల చుట్టూ ఉన్న కరెంటు తీగలకు ఏనుగులు బలవుతున్నాయి. ఆ గుంపులను తిరిగి అడవిలోకి మళ్లించడానికి 2025 మే నెలలో కర్ణాటక నుంచి కుంకీలనే శిక్షణ పొందిన ఏనుగులను తెచ్చారు, పలమనేరు దగ్గర ముసలిమడుగులో వాటికి శిబిరం ఉంది. ఒక తెలుగు దర్శకుడో దర్శకురాలో అక్కడ రెండు మూడేళ్లు ఓపికగా ఉండి, రాత్రంతా పొలానికి కాపలా కాసే రైతునూ, తెల్లవారుజామున ఏనుగుకు స్నానం చేయించే మావటినీ ఒకే చిత్రంలో చూపిస్తే, మొదటి రోజు మొదటి ఆట టికెట్టు కోసం నేను నిలబడే వరుసలో ఆ చిత్రం కోసం కూడా నిలబడతాను.