92వ లెవెల్ అంటే ఇంకా సగం దారే

అందరికీ నమస్తే అండి. వెనకాల వినిపిస్తోందా? సరే.

రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేమ్ ఆడినవాళ్ళు ఎంతమంది ఉన్నారు ఇక్కడ? ఆ, మీకు ఈ లెక్క కంఠతా వచ్చుంటుంది, మిగతావాళ్ళ కోసం చెప్తా. అందులో ఒక స్కిల్‌ని 99వ లెవెల్‌కి తీసుకెళ్ళాలంటే 1,30,34,431 ఎక్స్‌పీ, అంటే ఆడేకొద్దీ వచ్చే అనుభవం పాయింట్లు, కావాలి. కిందా మీదా పడి 92కి వచ్చామనుకోండి, హమ్మయ్య ఇంకో ఏడే కదా అనిపిస్తుంది. కానీ అప్పటికి మన చేతిలో ఉండేది 65,17,253. సగానికి గట్టిగా నలభై పాయింట్లు కూడా ఎక్కువ లేవు.

నేనివాళ చెప్పాలనుకున్నది ఇదే, కష్టం ఎంత పడ్డామన్నది ఒకటి, స్క్రీన్ దాన్ని ఎలా చూపించిందన్నది ఇంకోటి, మనం ఫీలయ్యేది మాత్రం ఆ రెండోదాన్నే.

మొదట్లో అసలు బార్, అంటే తర్వాతి లెవెల్‌కి ఎంత దూరం వచ్చామో నిండుతూ చూపించే గీత, అనేదే లేదు. 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పుడు అంతా కాగితం మీదే, ఫైటర్ అనే పాత్రకి రెండో లెవెల్‌కి 2,000 ఎక్స్‌పీ, మూడుకి 4,000, నాలుక్కి 8,000, పెన్సిల్‌తో రాసుకోవడం రబ్బర్‌తో చెరుపుకోవడం. నంబర్ పెరిగేది గానీ కళ్ళముందు నిండేది ఏదీ ఉండేది కాదు.

పోకెమాన్ చూడండి. 1996లో వచ్చిన మొదటి గేముల్లో ఎక్స్‌పీ ఎంతుందో తెలియాలంటే మెనూలోకి వెళ్ళి వెతుక్కోవాలి. 1999లో గోల్డ్, సిల్వర్ వచ్చేసరికి ఫైట్ జరుగుతుండగానే కింద సన్నగా నీలం గీత ఒకటి పెట్టారు. ఇప్పుడు కాస్త దగ్గరగా చూద్దాం, అందులో చాలా పోకెమాన్లకి లెక్క సింపుల్, లెవెల్ నంబర్‌ని మూడుసార్లు వేసి హెచ్చిస్తే (10కైతే 10×10×10) అదే ఆ లెవెల్‌కి మొత్తం కావాల్సిన ఎక్స్‌పీ. 9 నుంచి 10కి వెళ్ళాలంటే 271 చాలు, అదే 99 నుంచి 100కి వెళ్ళాలంటే 29,701. దాదాపు 110 రెట్లు! కానీ ఆ నీలం గీత పొడవు మాత్రం రెండుచోట్లా అంతే. ఖాళీగా మొదలై నిండి మళ్ళీ ఖాళీ అవుతుంది, కాకపోతే ఒకచోట రెండు ఫైట్లలో, ఇంకోచోట రెండు సాయంత్రాల్లో.

దీన్ని మోసం అంటారా అంటే, నేననను. మోసం వేరే ఉంది, నేనాడిన ఒక ఫోన్ గేమ్‌లో (పేరెందుకులెండి) బార్ తొంభై శాతం దాకా గబగబా వచ్చి ఆగిపోయేది, ఒళ్ళు మండి కాగితం పెట్టి రాసుకుంటే అక్కడికి నిజంగా అయింది డెబ్భై శాతమే. గీయడమే తప్పుగా గీశారు, మిగతా ముప్పై కొనుక్కోమని పక్కనే బటన్.

నాకు బాగా నచ్చిన కథ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌ది. 2004లో రిలీజ్‌కి ముందు టెస్టింగ్‌లో, ఎక్కువసేపు ఆడితే రాక్షసుల్ని చంపినందుకు వచ్చే ఎక్స్‌పీ సగానికి పడిపోయేలా పెట్టారు. జనం గోలగోల చేశారు, శిక్ష వేస్తారా అని. గేమ్ తయారుచేసినవాళ్ళేం చేశారంటే, ఆ సగాన్నే 100 శాతం, అంటే నార్మల్ అన్నారు, అంతకుముందు మామూలుగా వచ్చేదాన్ని 200 శాతం, రెస్ట్ తీసుకున్నందుకు బోనస్ అన్నారు, బోనస్ ఉన్నప్పుడు బార్ నీలం, అయిపోతే ఊదా. లోపల లెక్క అదే, తిట్టినోళ్ళే మెచ్చుకున్నారు. పేరు మార్చి రంగేశారు, అంతే కదండీ!

గేముల బయట కూడా ఇంతే. నూనెస్, డ్రేజ్ అని ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక స్టడీ రాశారు, కార్ వాష్ దగ్గర కొందరికి 8 స్టాంపుల కార్డు, కొందరికి 10 స్టాంపులది కానీ రెండు ముందే కొట్టేసినది ఇచ్చారు. ఇద్దరూ కడిగించుకోవాల్సింది ఎనిమిదిసార్లే. మొదటి కార్డు పూర్తిచేసినవాళ్ళు 19 శాతం, రెండోది 34 శాతం. లెవెల్ దాటాక మిగిలిన ఎక్స్‌పీని కొత్త బార్‌లో వేసి చూపించే గేముల్లో కూడా నాకు ఆ రెండు స్టాంపులే కనిపిస్తాయి.

ఇంక చివరగా 2007 నాటి కాల్ ఆఫ్ డ్యూటీ 4 అనే తుపాకుల గేమ్. 55వ లెవెల్‌కి చేరాక ప్రెస్టీజ్ అని ఒకటుంటుంది, సంపాదించిన గన్నులన్నీ వదిలేసి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలి, బదులుగా ఇచ్చేది పేరు పక్కన ఒక చిన్న బొమ్మ. అలా పదిసార్లు చెయ్యొచ్చు. ఎవరు చేస్తారండీ అనుకున్నా, మా ఫ్రెండొకడు పదీ చేశాడు. పదో ప్రెస్టీజ్ తర్వాత మళ్ళీ 55కి చేరాక ఇక ఖాళీ అయ్యే బార్ లేదు, వారం తిరక్కుండా వేరే గేమ్ కొనుక్కున్నాడు.

ప్రశ్నలుంటే అడగండి.