ర్యాంకు ఫోటో తర్వాత ఏం జరుగుతుంది? ఐఐటీ జీవితంపై స్టూడియో చర్చ

(చర్చలో ఉన్నవాళ్లు: యాంకర్, ఐఐటీలో పాఠాలు చెప్పి రిటైరైన ప్రొఫెసర్, ఖరగ్‌పూర్‌లో చదివి ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న పూర్వ విద్యార్థి, ఐఐటీ మద్రాస్‌లో ఫైనల్ ఇయర్ చదువుతున్న కరీంనగర్ అమ్మాయి, ఈ ఏడాదే కొడుక్కి మద్రాస్‌లో మెకానికల్ సీటొచ్చిన నర్సరావుపేట తండ్రి.)

యాంకర్: అందరికీ నమస్కారం. రిజల్ట్స్ రోజున టీవీ పెడితే ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు రెండు అని ఊపిరి తీసుకోకుండా చదివేస్తుంటారు, పేపర్ నిండా పిల్లల ఫోటోలే, కానీ ఆ ఫోటోలో పిల్లాడు నవంబర్‌లో ఎట్లా ఉన్నాడో ఏ యాడ్‌లోనూ రాదు. ఈరోజు అదే మాట్లాడుకుందాం. ముందు తండ్రిగారు, ఇంట్లో పండగేనా?

తండ్రి: పండగేనమ్మా, ఊళ్లో అందరికీ స్వీట్లు పంచాం. కానీ నాకో గుబులుంది. ఇంటర్ రెండేళ్లు వాడు హాస్టల్లోనే ఉన్నాడు, తెల్లారకముందే లేపేవాళ్లు, రాత్రి స్టడీ అవర్ అయిందాకా పక్కనే ఒకాయన కూర్చునేవాడు, వీకెండ్ టెస్ట్ రాస్తే సాయంత్రానికి మార్కులు నా ఫోన్‌కి మెసేజ్ వచ్చేయి. ఇప్పుడు అక్కడ ఆ మెసేజ్ ఎవరు పంపిస్తారా అని.

విద్యార్థిని: ఎవ్వరూ పంపరు అంకుల్ (నవ్వు). క్లాస్‌కి పోకపోయినా ఎవరూ తలుపు కొట్టరు. కానీ 85 శాతం అటెండెన్స్ రూల్ ఉంటది, అది తప్పితే ఎండ్‌సెమ్, అంటే సెమిస్టర్ చివరి పరీక్ష, రాయనియ్యరు, గ్రేడ్ షీట్ మీద హాజరు చాల్లేదని డబ్ల్యూ పడతది. అంటే అడిగేటోళ్లు లేరు గానీ లెక్క మాత్రం నడుస్తనే ఉంటది.

తండ్రి: అదే గదా నా భయం.

విద్యార్థిని: మా దగ్గర చాలామందికి ఫస్ట్ సెమ్‌లో ఇదే దెబ్బ. రెండేళ్లు ఎప్పుడు తినాలి, ఎప్పుడు పండుకోవాలి, ఏ చాప్టర్ చదవాలి అన్నీ వేరేవాళ్లు డిసైడ్ చేసిన్రు, ఒక్కసారిగా రోజంతా నీ చేతిలో పెడితే ఏం చెయ్యాల్నో తెల్వదు. రాత్రి మూడింటి దాకా గేమ్స్, సిరీస్‌లు, పొద్దుగాల ఎనిమిది గంటల క్లాస్ పోతది, రెండు వారాలు అట్లనే నడుస్తది, అంతలో క్విజ్ వన్ వచ్చి కూసుంటది.

యాంకర్: క్విజ్ అంటే టీవీ క్విజ్ కాదు కదా?

విద్యార్థిని: కాదు మేడమ్, మిడ్ ఎగ్జామ్ లాంటిది. సెమిస్టర్‌కి సాధారణంగా రెండు క్విజ్‌లు, చివర్ల ఎండ్‌సెమ్. క్విజ్ వన్ దిద్దిన పేపర్ తిరిగి ఇచ్చినరోజు హాస్టల్ కారిడార్ చూడాలి మీరు, చిన్నప్పటి నుంచి సెకండ్ ర్యాంక్ కూడా చూడని పిల్లలు, వాళ్లకి ఇరవైకి ఆరో ఏడో వస్తయి.

ప్రొఫెసర్: నేనొక మాట చెప్పాలి ఇక్కడ. పిల్లలు తెలివితక్కువ అయిపోలేదు, పని మారిపోయింది, తేడా అక్కడుంది. జేఈఈలో ఒక ప్రాబ్లమ్‌కి రెండు మూడు నిమిషాలు, చాలావాటికి నాలుగు ఆప్షన్లలో ఆన్సర్ అక్కడే ఉంటుంది, వెనక కీ ఉంటుంది. ఇక్కడ మేమిచ్చే అసైన్‌మెంట్ వారం పడుతుంది, ప్రోగ్రామ్ రాస్తే రన్ అవ్వదు, ఎందుకు అవ్వట్లేదో ఎవరూ చెప్పరు, వర్క్‌షాప్‌లో ఒక ఇనుపముక్కని ఆకురాయితో చదరంగా అరగదియ్యమంటే మధ్యాహ్నమంతా పోతుంది. స్పీడ్‌కి అలవాటుపడ్డ బుర్ర ఇది, గంటసేపు ఏమీ తేలకుండా కూర్చోవడం రాదు. నాకొచ్చిన స్టూడెంట్స్‌లో ఎక్కువ మందికి అసలు లోటు ఇదే. సిలబస్ కష్టం అంటారు గానీ సిలబస్ రెండోది.

పూర్వ విద్యార్థి: సార్ చెప్పింది నిజమే కానీ మీ రిలేటివ్ గ్రేడింగ్, అదే మిగతా క్లాస్‌తో పోల్చి గ్రేడ్ వేసే పద్ధతి, దాని సంగతి కూడా చెప్పండి సార్, అది వదిలేస్తే ఎలా.

ప్రొఫెసర్: (నవ్వుతూ) వస్తున్నా వస్తున్నా. క్లాస్ మార్కులన్నీ వరసలో పెట్టి ఎక్కడ గ్యాప్ ఉందో చూసి గ్రేడ్‌కీ గ్రేడ్‌కీ మధ్య గీతలు గీస్తాం. మద్రాస్‌లో అయితే ఎస్ అంటే పది పాయింట్లు, ఏ తొమ్మిది, బి ఎనిమిది, సి ఏడు, డి ఆరు, అక్కడ్నించి ఈ అంటే ఒక్కసారి నాలుగుకి పడిపోతుంది, యూ అంటే ఫెయిల్. దీన్ని తిట్టేవాళ్లు ఒకటి మర్చిపోతారు, పేపర్ మరీ కష్టంగా ఇచ్చి క్లాస్ యావరేజ్ ముప్పై అయిందనుకోండి, మామూలు లెక్కలో సగం మంది ఫెయిల్. ఈ పద్ధతి వాళ్లని కాపాడుతుంది.

పూర్వ విద్యార్థి: కాపాడుతుంది, కాదనను. కానీ పక్కోడు బాగా రాస్తే నాకు నష్టం అనే ఆలోచన కూడా అదే నేర్పిస్తుంది సార్. మా ఖరగ్‌పూర్‌లో పది పాయింట్ల గ్రేడ్‌ని ఈఎక్స్ అనేవాళ్లం, పరీక్ష ముందు రోజు నోట్స్ దాచేవాళ్లని నేను చూశాను. అలాగే తెల్లారేదాకా కూర్చోబెట్టి పాఠం చెప్పి పాస్ చేయించినవాళ్లనీ చూశాను, వాళ్లే ఎక్కువ, అదీ చెప్పాలి. మాది ఉత్తరాంధ్ర, కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే బోగీలో సగం తెలుగే, దిగాక ఖరగ్‌పూర్ ఊళ్లోనూ తెలుగే, రైల్వే పనికి ఎప్పుడో వెళ్లి స్థిరపడ్డ మనవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. దీపావళికి ఇల్యూమినేషన్ అని హాస్టళ్ల మధ్య పోటీ ఉంటుంది, వెదురు తడకలకి వేల దీపాలు కట్టి బొమ్మలు వెలిగిస్తారు, ముగ్గుల పోటీ కూడా ఉంటుంది, నేను ఇంజినీరింగ్‌లో ఏం నేర్చుకున్నానో సరిగ్గా గుర్తులేదు గానీ ఆ తడకలు కట్టడం ఇప్పటికీ వచ్చు.

యాంకర్: అంటే తెలుగు గ్యాంగ్ ఉంటే ధైర్యమే కదా?

పూర్వ విద్యార్థి: ధైర్యమూ, ప్రమాదమూ. ఆవకాయ సీసా ఒకళ్ల రూమ్‌లో ఉంటే పది మంది అక్కడే, కొత్త సినిమా వస్తే అందరూ కలిసే, బానే ఉంటుంది. కానీ అసైన్‌మెంట్ ఒకడు చేస్తాడు మిగతావాళ్లు ఎక్కించుకుంటారు, క్లాసులో ఇంగ్లీష్‌లో డౌట్ అడగాలంటే సిగ్గు, మెస్‌లో వేరే రాష్ట్రం వాళ్ల పక్కన కూర్చోరు, నాలుగేళ్లు అయ్యాక చూస్తే వాడు ఊరు దాటినట్టే లేదు.

ప్రొఫెసర్: భాష సంగతి వచ్చింది కాబట్టి చెప్తున్నా. జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులో కూడా రాయొచ్చు. దాని తర్వాత ఐఐటీ సీటు కోసం రాసే అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీష్, హిందీలోనే. మరి తెలుగు మీడియంలో చదివినవాడు ఆ గోడ దాటి వస్తే క్లాస్‌లో మొదటి రోజు నుంచీ ఇంగ్లీష్ లెక్చరే. ఇంగ్లీష్ మీడియం అని చెప్పుకునే మన కార్పొరేట్ పిల్లలు కూడా నాలుగు వాక్యాలు కలిపి అడగలేరు, ఫార్ములా ఇంగ్లీష్ వేరు, మాట్లాడే ఇంగ్లీష్ వేరు. నా రూమ్ తలుపు తెరిచే ఉండేది, వచ్చేవాళ్లు మాత్రం ఎప్పుడూ ఎనిమిది తొమ్మిది పాయింట్లు ఉన్నవాళ్లే. ఎవరికి అవసరమో వాళ్లు రారు.

విద్యార్థిని: రావాలంటే భయం సార్. "నీకు ఇది కూడా రాదా, సీటు ఎట్లొచ్చింది" అంటరేమో అని. ముఖ్యంగా కోటాలో వచ్చిన్రు అని ముద్ర పడ్డోళ్లకి. మా బంధువులే నాతో అన్నరు, అమ్మాయిల కోటా కదా ఈజీ అని. అమ్మాయిల సీట్లు 2018లో కొత్తగా కలిపిన్రు, అబ్బాయిల సీట్లు తగ్గించి ఇచ్చినవి కావు, ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా ఎవరి చెవికెక్కదు.

పూర్వ విద్యార్థి: కులం సంగతీ అంతే. కొత్తగా కలిసినవాడిని నీ ర్యాంకెంత అని అడిగితే అమాయకమైన ప్రశ్నలా ఉంటుంది, దాని వెనక ఏం తెలుసుకోవాలనుకుంటున్నారో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. 2023లో ఐఐటీ బాంబే ఈ ర్యాంకు అడగడం సరికాదని గైడ్‌లైన్సే ఇచ్చింది. రాసి పెట్టాల్సి వచ్చిందంటే పరిస్థితి అర్థం చేసుకోండి.

తండ్రి: మాకు ఫీజు సంగతి కూడా కాస్త చెప్పండి. మా ఎరువుల షాపు మీద వచ్చేదెంత...

ప్రొఫెసర్: ట్యూషన్ ఫీజు 2016లో ఏడాదికి రెండు లక్షలు చేశారు. ఎస్సీ, ఎస్టీ, వికలాంగ విద్యార్థులకి అది పూర్తిగా మాఫీ. మిగతావాళ్లలో కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే పూర్తిగా, ఐదు లక్షల లోపు ఉంటే మూడింట రెండొంతులు తగ్గుతుంది. ఇన్‌కమ్ సర్టిఫికెట్ ముందే తీసి పెట్టుకోండి, చాలామంది దానికోసం చివర్లో ఎమ్మార్వో ఆఫీస్ చుట్టూ తిరుగుతారు.

యాంకర్: ఇప్పుడు కష్టమైన విషయానికి వద్దాం. ఏటా వార్తలు చూస్తున్నాం, క్యాంపస్‌లలో పిల్లలు ప్రాణాలు తీసుకోవడం. ఇది చదువు ఒత్తిడేనా?

ప్రొఫెసర్: ఒక్క కారణం చెప్పేవాళ్లని నమ్మొద్దు. 2025 మార్చిలో సుప్రీంకోర్టు దీని మీదే జస్టిస్ రవీంద్ర భట్ గారి అధ్యక్షతన నేషనల్ టాస్క్‌ఫోర్స్ వేసింది, అంటే కోర్టు దాకా వెళ్లిన సమస్య. నేను చూసిన దాంట్లో సబ్జెక్ట్ పోవడం కన్నా పోయిందని దాచడం ఎక్కువ నలిపేస్తుంది. ఒక సబ్జెక్ట్ పోతుంది, ఇంట్లో చెప్పడు, ఇంకోటి పోతుంది, అప్పటికి ముందుది చెప్పలేదు కాబట్టి ఇదీ చెప్పలేడు, సెలవులకి ఇంటికెళ్లడం మానేస్తాడు.

పూర్వ విద్యార్థి: ఇక్కడ నాది కొంచెం వేరే అభిప్రాయం. కౌన్సెలర్లు, యోగా, వెల్‌నెస్ పోస్టర్లు అన్నీ పెడతారు, వారంలో మూడు డెడ్‌లైన్లు మాత్రం ఒకే రోజు ఉంటాయి. ఆ మూడు డిపార్ట్‌మెంట్లు ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకుంటే సగం బరువు దిగుతుంది, దానికి సైకాలజిస్ట్ అక్కర్లేదు.

ప్రొఫెసర్: అది ఒప్పుకుంటాను. ఫ్యాకల్టీ మీటింగ్‌లో ఎవరి కోర్సు వాళ్లకి ముద్దు. కానీ కౌన్సెలర్ అక్కర్లేదు అనొద్దు, కొందరికి డెడ్‌లైన్ మార్చినంత మాత్రాన సరిపోదు, వైద్యం కావాలి.

యాంకర్: చూస్తున్నవాళ్లకి ఒక్క నంబర్ చెప్తాను, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు. తండ్రిగారు, ఏదో అడగబోతున్నారు?

తండ్రి: మరి మేం ఫోన్‌లో ఏం అడగాలి? మార్కులు అడిగితే ఒత్తిడి అంటారు, అడగకపోతే పట్టించుకోలేదంటారు. తిన్నావా అంటే తిన్నా అంటాడు, ఫోన్ పెట్టేస్తాడు.

విద్యార్థిని: అంకుల్, మార్కులు అడగండి, తప్పులేదు, కానీ ఫస్ట్ సెమ్‌ల తక్కువొస్తే ఏం కాదని ఇప్పుడే, పంపకముందే చెప్పున్రి. తర్వాత చెప్తే ఓదారుస్తున్నరు అనుకుంటడు. మా నాన్న అయితే ఏ సబ్జెక్ట్ సతాయిస్తుంది, దాంట్ల ఎవరితో కలిసి చదువుతున్నవ్ అని అడిగేటోడు. ఎవరూ లేరు అని చెప్పిన వారం ఆయన మళ్ల మూడు సార్లు ఫోన్ చేసిండు.

తండ్రి: ఎవరితో చదువుతున్నావ్... ఇది బాగుంది. ఇంకోటమ్మా, ప్లేస్‌మెంట్స్‌కి సీజీపీఏ, అదే మొత్తం గ్రేడ్ పాయింట్ల సగటు, ఎంత ఉండాలి?

పూర్వ విద్యార్థి: సార్ వాడింకా రైలెక్కలేదు! (అందరూ నవ్వు)

విద్యార్థిని: డిసెంబర్ ఒకటిన మొదలైతయి అంకుల్, ఫైనల్ ఇయర్‌ల. కొన్ని కంపెనీలు ఎనిమిది దాటాలంటయి, కొన్ని అడగవు. మొన్న నేనూ రాసిన, ఆ వారం గురించి ఇంకో ప్రోగ్రామ్ పెట్టాలి మేడమ్. అందరికీ ఫస్ట్ రోజే రాదు, వచ్చినోళ్ల ప్యాకేజీలే పేపర్‌ల పడతయి, మళ్ల అదే ర్యాంకుల యాడ్ లెక్క.

యాంకర్: టైమ్ అయిపోయింది, ఆఖరుగా తండ్రిగారు, ఒక్క ప్రశ్న ఉంటే అడగండి.

తండ్రి: వాడికి సైకిల్ కావాలంటున్నాడు. ఇక్కడ కొని లారీలో వేయించాలా?

విద్యార్థిని: వద్దంకుల్, పాస్ అవుట్ అయ్యే సీనియర్లు తక్కువకే అమ్ముతరు, క్యాంపస్ బస్‌లు కూడా ఉంటయి. ఒక మంచి తాళం మాత్రం కొనిపెట్టున్రి. కిటికీ దగ్గర తినేవి పెట్టొద్దని చెప్పున్రి, కోతులు మస్తు ఉంటయి.