తండ్రి కెంపు, కొడుకు నీలం

అందరికీ నమస్కారం. ముందు ఒకసారి మీ చేతులు చూసుకోండి. ఉంగరంలో రాయి ఉన్నవాళ్ళు చాలామందే కనిపిస్తున్నారు. వాటిలో ముచ్చటపడి పెట్టుకున్నవి ఎన్ని, భయపడి పెట్టుకున్నవి ఎన్ని? నేను మాట్లాడదామని వచ్చింది ఆ భయం గురించే.

జన్మరాయి అంటే మనకు రెండు లెక్కలున్నాయి. నెలను బట్టి చెప్పేది బయటి లెక్క. బైబిల్లో ప్రధాన యాజకుడు అహరోను వక్షపతకం మీద పన్నెండు రాళ్ళ ప్రస్తావన ఉంది, దాని చుట్టూ ఎన్నో నమ్మకాలు పెరిగాయి, కానీ ఇప్పుడు నగల షాపుల్లో కనిపించే జాబితాకు మూలం 1912లో అమెరికా నగల వ్యాపారుల సంఘం ఖాయం చేసినది. టాంజానియాలో 1967లో బయటపడిన టాంజనైట్‌ను 2002లో డిసెంబరు రాళ్ళలో చేర్చారు. అంటే ఆ జాబితాను మనుషులే రాశారు, మనుషులే మారుస్తున్నారు. మన లెక్క గ్రహాలది. సూర్యుడికి కెంపు, చంద్రుడికి ముత్యం, కుజుడికి పగడం, బుధుడికి పచ్చ, గురుడికి కనకపుష్యరాగం, శుక్రుడికి వజ్రం, శనికి నీలం, రాహువుకు గోమేధికం, కేతువుకు వైడూర్యం.

వీటిలో జనం ఎక్కువగా భయపడేది నీలానికి. కలిసొస్తే అందలం ఎక్కిస్తుందట, లేకపోతే ఇల్లు గుల్ల చేస్తుందట. అందుకే ముందు మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని చూడమంటారు. కెంపు, నీలం కలిపి అసలు పెట్టుకోకూడదంటారు, తండ్రీ కొడుకులైనా సూర్యుడికీ శనికీ పడదు కదా!

ఇప్పుడు ఆ రాళ్ళ సంగతి చూడండి. కెంపు, నీలం రెండూ ఒకటే ఖనిజం, దాని పేరు కొరండం. ఆ ఇంగ్లీషు మాట కూడా మన దక్షిణాది నుంచి పోయిందే, మనం కురువిందం అంటాం. అల్యూమినియం, ఆక్సిజన్ కలిసిన రాయి, గట్టిదనంలో వజ్రం పదైతే ఇది తొమ్మిది. స్వచ్ఛంగా ఉంటే రంగే ఉండదు. అందులో నూటికి ఒక పాలు క్రోమియం కలిసినా చాలు, ఎర్రబడి కెంపవుతుంది. ఇనుము, టైటానియం రవ్వంత కలిస్తే నీలం. గురుడి పుష్యరాగమూ ఈ ఇంటిదే. తండ్రీ కొడుకులని పెద్దలు ఏ లెక్కన అన్నారో గానీ, రాళ్ళ వరకు ఆ చుట్టరికం నిజం. నాకు ఈ సంగతి తెలిసిన రోజు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. అన్నయ్యకు ఉద్యోగం పోయింది, ఏలినాటి శని, నీలం పెట్టించమని ఎవరో చెప్పారు. అమ్మ కమ్మలు తాకట్టు పెట్టి రాయి కొంది. మూడో రాత్రి అన్నయ్యకు జ్వరం వచ్చింది. వానాకాలం, ఊళ్ళో సగం మందికి జ్వరాలే, అయినా అమ్మ వణికిపోయి తెల్లారేసరికి రాయి వెనక్కి పట్టుకెళ్తే, కొన్న ధరలో సగానికి కూడా తీసుకోం అన్నారు. కమ్మలు మళ్ళీ రాలేదు. చాలా ఏళ్ళ తర్వాత, పది రెట్లు పెద్దగా చూపే లూప్ కింద ఆ రాయి పెట్టి చూశాను. లోపల రంగు చారలు గ్రామఫోన్ రికార్డు మీద గీతల్లా వంపు తిరిగి ఉన్నాయి, పక్కన రెండు గుండ్రటి గాలి బుడగలు. భూమిలో పెరిగిన నీలంలో రంగు చారలు తిన్నగా, మూలలు తిరిగి ఉంటాయి. ఇది కొలిమి మంటలో తయారైన రాయి. వెర్నూయ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1902లో కెంపులు ఇలాగే చేసి చూపించాడు, తర్వాత నీలాలూ వచ్చాయి. అమ్మ భయపడింది కొలిమిలో పుట్టిన రాయికి!

మీ తాతగారి పాత హెచ్ఎంటీ వాచీ ఉంటే డయల్ మీద చదవండి, '17 జ్యువెల్స్' అని ఉంటుంది. ఆ పదిహేడూ ఇలా చేసిన చిన్న చిన్న కెంపులే, లోపల ఇరుసులు అరగకుండా పెట్టారు. ఆయన జాతకం అడక్కుండానే పదిహేడు కెంపులు చేతికి కట్టుకు తిరిగారు.

నమ్మకమే వద్దని నేను అనడం లేదు. మా అమ్మమ్మ వేలికి పగడం ఉండేది, చెయ్యి వణికినప్పుడల్లా దాన్ని తడుముకునేది, ఆ ధైర్యం నేను కళ్ళారా చూశాను. అన్నట్టు పగడం, ముత్యం నీటి జీవులు కట్టుకున్నవి, గట్టి రాళ్ళు కావు. నిమ్మరసం, సెంటు తగలనివ్వకండి. ముత్యాన్ని పంటి అంచుకు మెల్లగా రాస్తే గరగరలాడాలి, నున్నగా జారితే ప్లాస్టిక్కో గాజో అయ్యుంటుంది.

ఇంకొక్క రాయి, గార్నెట్. జనవరి రాయి ఇదే, మన గోమేధికమూ ఈ కుటుంబమే. మన కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట గుట్టలో దానిమ్మ గింజ రంగువి దొరుకుతాయి. పుదుచ్చేరి పక్కన, రోమ్‌తో వ్యాపారం నడిచిన అరికమేడు రేవులో తవ్వకాల్లో బయటపడిన గార్నెట్లను పరీక్షిస్తే గరీబ్‌పేట రాళ్ళతో సరిపోయాయి. అంత దూరం ఎవరు మోసుకెళ్ళారో, ఎన్నాళ్ళు పట్టిందో తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది నాకు.

టేబుల్ మీద లూప్ పెట్టాను, పక్కనే అమ్మ కొన్న ఆ నీలం కూడా ఉంది. ఒక్కొక్కరే రండి, కంటికి దగ్గరగా పెట్టుకుని కిటికీ వైపు తిప్పండి, వంపు గీతలు కనిపిస్తాయి. మీ ఉంగరం కూడా తీసి చూసుకోండి.